భూపటప్రామాణ్య విచారము – కామారెడ్డి, ఎల్లారెడ్డి సరస్తీరములు

స్థలచరిత్ర వ్రాయఁబూనువారికి శాసనములు, కైఫీయతులు, తాళపత్రగ్రంథములు, జనశ్రుతులు అను నాలుగు సాధనములు చిరపరిచితములు. వీనికిఁ దోడుగా ప్రాఁత భూపటములు నేఁడు అయిదవ సాధనమై నిలిచినవి. భారత సర్వేక్షణ శాఖవారు అంగుళమునకు మైలుచొప్పున గీయించిన పత్రములు ఒకప్పుడు కచేరీలలోఁ దప్ప కానరాకుండెను. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము భూపటవిషయకములైన ఆంక్షలను సడలించుటచేతను, గ్రంథాలయములు కొన్ని తమయొద్ద నున్న ప్రాఁత పత్రముల ప్రతిబింబములను అందఱకును అందుబాటులోనికిఁ దెచ్చుటచేతను, ఇప్పుడు పాఠశాలపండితుఁడును తన గ్రామమును నూఱేండ్లనాఁటి పటమునఁ జూచుకొనఁగలుగుచున్నాఁడు. ఇది శుభపరిణామము. అయినను సాధనము చేతికి వచ్చినంతమాత్రమున దానిని వాడు పద్ధతి వచ్చినట్లు గాదు. పటమును చూచువారు పెరిగిరి, చదువువారు పెరుగలేదు.

ఈ విచారమునకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు మిక్కిలి తగిన క్షేత్రము. ఇచ్చట రెండు జలాశయములు గలవు. మొదటిది పోచారము. అది మంజీరకు ఉపనదియైన ఆలేరునకు అడ్డముగా 1916 మొదలు 1922 వఱకు కట్టఁబడినది. రెండవది నిజాంసాగరము. అది మంజీరానదిపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామములనడుమ 1923లో ఆరంభింపఁబడి 1931లో ముగిసినది. దాని రూపకర్త నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. మూఁడు కిలోమీటర్ల నిడుపుగల ఆ కట్ట వెనుక నీరు నిలుచుటకు సుమారు నలువది గ్రామములు ఖాళీచేయింపఁబడినవని చెప్పుదురు. ఇట్లు పదునైదేండ్లలో ఈ మండలముయొక్క నేలరూపు మాఱిపోయినది. మాఱుటకు ముందున్న రూపమును చూపఁగలది ప్రాఁత పటమే. కాఁబట్టి ఆ పటము దేనికి ప్రమాణము, దేనికి ప్రమాణము గాదు అను ప్రశ్న ఇచ్చట వట్టి శాస్త్రచర్చ గాదు. మునిఁగిన యూళ్ల చరిత్ర యంతయు ఈ ప్రశ్నపై ఆధారపడియున్నది.

ఈ విషయమున రెండు పూర్వపక్షములు గలవు. పటము గొలుసుతోడను యంత్రముతోడను కొలిచి గీయఁబడినది గనుక దానియందున్న దంతయు సత్యమని ఒక పక్షము. ఈ పక్షమువారు పటములోని పేరును అచ్చుపడిన రూపముననే గ్రహించి, దానికి ఒక పురాణకథను అతికించి, గ్రామచరిత్రముగాఁ బ్రకటించుచున్నారు. పటము పరభాషీయుల కృతి గనుక దానితోఁ బనిలేదని, ఊరి పెద్దలు చెప్పినదే చాలునని వేఱొక పక్షము. ఈ పక్షమువారు ఒక యూరి కథను అదే పేరుగల మఱియొక యూరికిఁ బెట్టి, నదికి ఎడమగట్టున నున్నదానిని కుడిగట్టునకుఁ జేర్చుచున్నారు. రెండింటను దోషము గలదు. పటము స్థానమునకు ప్రమాణము. శబ్దమునకు ప్రమాణము గాదు. ఈ సిద్ధాంతమే ఇచ్చట నిరూపింపఁబడుచున్నది.

పటము ఒక గ్రంథము

పటమును వ్రాఁతప్రతిగా భావించినచో దాని గుణదోషములు సులభముగా తెలియును. వ్రాఁతప్రతికి లేఖకుఁడు, మాతృక, కాలము, పాఠభేదములు, ప్రక్షిప్తములు, లుప్తభాగములు ఉన్నట్లే పటమునకును గలవు.

దక్కనునందు పటకర్తలలో మొదట స్మరింపఁదగినవాఁడు కాలిన్ మెకంజీ. అతఁడు 1792 తరువాత నిజాం రాజ్యమున సర్వేయరుగాఁ బనిచేసి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. అతఁడు నేల కొలిపించుటతో నిలువక, కావలి వెంకటబొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు పండితుల సహాయమున గ్రామకరణములయొద్ద కైఫీయతులను వ్రాయించెను. అనఁగా అతని పనియందు గీఁతయు మాటయు కలిసియుండెను. ఊరు ఎక్కడనున్నదో పటము చెప్పెడిది. ఆ యూరిని అచ్చటివారు ఏమందురో, ఏల అట్లందురో కైఫీయతు చెప్పెడిది. నిజాం రాజ్యభాగమున ఈ కైఫీయతుల సేకరణము కోస్తామండలములలోను దత్తమండలములలోను వలె విస్తరింపలేదు. ఈ కొఱత ఇచ్చటి స్థలచరిత్రను నేఁటికిని బాధించుచున్నది.

తరువాత త్రికోణమితి సర్వేక్షణము వచ్చినది. విలియం లాంబ్టను 1815లో బీదరు ప్రాంతమున ఆధారరేఖను కొలిపించెను. ఎల్లారెడ్డికి పడమట, బీదరునకు ఉత్తరమున నున్న దామరగిద్ద ఆ సర్వేక్షణమున ప్రసిద్ధమైన పరిశీలనస్థానము. లాంబ్టను 1823 జనవరిలో హింగన్‌ఘాటులో చనిపోయెను. అతని మహారేఖవలన ఈ దేశములోని స్థానములకు నిశ్చితత్వము గలిగినది. కాని ఆ గ్రంథములలో దామరగిద్దయను పేరు ద్విత్వము పోఁగొట్టుకొని ‘దామర్గిడ’ యని చదువఁదగిన రూపమున నున్నది. స్థానము అంగుళములతో సరిచూడఁబడినది; పేరు ఎవ్వరిచేతను సరిచూడఁబడలేదు. గీఁతయు మాటయు ఇట్లు విడిపోయినవి. ఆ విడిపాటే తరువాతి పటములన్నింటను కానవచ్చును.

ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండి సర్వేక్షణ శాఖవారు ఒక క్రమపద్ధతిని అవలంబించిరి. నాలుగు డిగ్రీల చతురస్రమునకు ఒక సంఖ్య. అందులోని ఒక్కొక్క డిగ్రీకి ఒక్కొక్క యక్షరము. ఆ డిగ్రీని పదునాఱుగా విభజింపఁగా వచ్చిన పదునైదు నిమిషముల భాగమునకు మరల ఒక సంఖ్య. ఈ లెక్కచొప్పున కామారెడ్డి పట్టణము 56 జె/7 అను పత్రమునను, ఎల్లారెడ్డియు పోచారము చెఱువును 56 జె/4 నందును, నిజాంసాగరపు కట్ట 56 ఎఫ్/16 నందును పడును. ఎల్లారెడ్డికిని నిజాంసాగరపు కట్టకును నడుమ 78వ రేఖాంశము పోవుచున్నది. కాఁబట్టి ఈ తీరమును చదువఁగోరువాఁడు రెండు పత్రములను ప్రక్కప్రక్కన నుంచుకొనక తప్పదు. ఆ రెండును ఒకే యేఁట కొలువఁబడినవని ముందుగా నమ్మరాదు. ఒకే కావ్యముయొక్క పూర్వార్ధము ఒక ప్రతినుండియు, ఉత్తరార్ధము మఱియొక ప్రతినుండియు తెచ్చుకొన్నప్పుడు ఎంత జాగరూకత వలయునో ఇచ్చటను అంతయు వలయును.

కాలనిర్ణయము

పత్రపుటంచున సర్వేక్షణవత్సరము, ముద్రణవత్సరము రెండును ఉండును. పఠితలు తఱచుగా రెండవదానిని గ్రహించి మోసపోవుదురు. అంచు చిరిఁగిన ప్రతి దొరకినప్పుడు అంతస్సాక్ష్యమే గతి. ఈ ప్రాంతమునకు అట్టి సాక్ష్యములు నాలుగు గలవు.

సికింద్రాబాదునుండి మన్మాడునకుఁ బోవు రైలుమార్గము 1901 నాఁటికి పూర్తియైనది. కామారెడ్డి దానిపై నున్నది. పోచారము 1922లో ముగిసినది. నిజాంసాగరము 1931లో ముగిసినది. నిజాంసాగరపు కాలువల నీటితోఁ బండిన చెఱకు ఆధారముగా బోధనునందు 1937లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొన్నది. రైలుమార్గముండి పోచారము లేని పత్రము 1901కిని 1922కిని నడుమనాఁటి నేలను చూపునది. పోచారముండి, ప్రక్కపత్రమున మంజీర కట్టలేక పాఱుచున్నచో, ఆ జంట 1922కిని 1931కిని నడిమిది. ఈ లెక్క చిన్నబడి విద్యార్థికిని తెలియును.

అయితే ఇందులో ఒక మెలికయున్నది. రైలుమార్గము, పెద్దబాట, జలాశయము అనునవి ముఖ్యములైనందున, నేలను మరల కొలువకయే, వానినిమాత్రము ప్రాఁత పత్రముపైఁ జేర్చి తరువాతి ముద్రణమున ప్రకటించుట గలదు. వ్రాఁతప్రతులలో దీనిని ప్రక్షిప్తమందుము. అట్టి పత్రమున జలాశయము క్రొత్తది. చుట్టునున్న కుంటలు, బాటలు, గుడిసెలు ప్రాఁతవి. ఒక పత్రముననే రెండుకాలములు కలిసియుండును. నీటి నడుమనుండి యొక బండిబాట వచ్చి ఒడ్డున తేలినట్లు కానవచ్చినయెడల, లేక ఒక బాట తిన్నగా నీటియంచువఱకుఁ బోయి ఏ యూరును చేరక ఆఁగిపోయినయెడల, అది చిత్రకారుని పొరపాటు గాదు. అచ్చట ఒక రేవో, ఒక యూరో ఉండి మునిఁగిపోయినదని ఆ బాట సాక్ష్యమిచ్చుచున్నది. లుప్తమైన పద్యమును దాని ముందువెనుకల సందర్భమువలన ఊహించునట్లు, లుప్తమైన యూరిని దానికిఁ బోవు బాటలవలన ఊహింపవలెను.

తీరరేఖ

జలాశయపు తీరము నదితీరమువంటిది గాదు. నిజాంసాగరమునకు నేఁటి పూర్ణజలమట్టము 1405 అడుగులు. ఆ మట్టమున నీరు నిలుచునది వర్షము సమృద్ధిగాఁ గురిసిన యేఁడులలో కొన్నినాళ్లుమాత్రమే. వేసవియందు ఒడ్డు వెనుకకుఁ బోయి విశాలమైన మైదానము బయలుపడును. పటములోని నీలిరేఖ వీనిలో దేనిని చూపుచున్నదో, సర్వేయరు ఏ మాసమున వచ్చెనో అడుగకయే ‘ఈ గుడి తీరమున నున్నది’, ‘ఈ యూరు నీట నున్నది’ అని నిర్ణయించుట తగదు.

ఇచ్చట ప్రాఁత పటమువలన ఒక విశేషప్రయోజనము గలదు. అంగుళమునకు మైలుగా గీసిన పత్రములలో సమోన్నతరేఖలు సాధారణముగా ఏఁబది యడుగుల కొకటిచొప్పున నుండును. కాఁబట్టి 1400 అడుగుల రేఖ అందు దొరకును. నేఁటి పూర్ణమట్టము దానికి అయిదడుగులే పైన నున్నది. కట్ట పుట్టకముందటి పత్రమును తీసికొని, కట్టస్థానమునుండి ఎగువకు 1400 అడుగుల రేఖను వెంబడించి రంగుపూసినచో, రాఁబోవు జలాశయము తన యాకారమును తానే చూపును. ఆ రేఖకు లోపలఁ బడిన యూళ్లు, బావులు, గుళ్లు, రేవులు, కుంటలు మునిఁగినవాని పట్టికయగును. మీటర్ల లెక్కతో గీసిన తరువాతి పత్రములలో రేఖలు ఇరువది మీటర్ల కొకటి. 1405 అడుగులు సుమారు 428 మీటర్లు. అది 420కిని 440కిని నడుమఁ బడుటచే దానికి దగ్గఱగా ఏ రేఖయు దొరకదు. క్రొత్తది గనుక మేలైనదని తలఁచుట ఇచ్చట పొరపాటు.

లోఁతువిషయమునను ఇట్టి హెచ్చరిక వలయును. జలాశయపు నిల్వ మొదట 29 టి.యం.సి.లకుఁ బైఁబడియుండఁగా నేఁటి లెక్కలో 17.8 టి.యం.సి.లు. మంజీర తెచ్చిన ఒండ్రుమట్టియే ఈ తగ్గుదలకు ప్రధానకారణము. అనఁగా మునిఁగిన యూళ్లపై నీరొక్కటియే గాక మట్టియు కప్పుకొన్నది. వేసవిలో నీరు తీసినప్పుడు పునాదులు కానరాలేదు గనుక ఊరు లేదనుట న్యాయముగాదు. కనఁబడమి లేమికి హేతువు గాదని తార్కికులు ఎఱిఁగినదే.

నామవిచారము

స్థానవిషయమున పటమునకు ఇంతటి ప్రామాణ్యము గలదు. శబ్దవిషయమున దాని బలహీనత అంతటిదే. ఈ ప్రాంతపు పేరు పటమునకు ఎక్కులోపల రెండు జల్లెడలు దాఁటినది. రైతు తెలుఁగునఁ బలికిన పేరు మొదట పారసీకమునను, పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమునుండి ఉర్దూయందును రెవెన్యూ కాగితములకు ఎక్కినది. ఆ లిపియందు హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయఁబడవు. ఇ, ఎ, ఏ లకును, ఉ, ఒ, ఓ లకును భేదము తేటగా తెలియదు. తరువాత ఆంగ్లలిపియందు తకార టకారములు ఒకటియైనవి. దకార డకారములు ఒకటియైనవి. దీర్ఘము, ద్విత్వము, ళకారము మాయమైనవి.

తాడ్వాయి యను పేరును ఉదాహరణముగాఁ గొనవచ్చును. ఆంగ్లమున దీనికి ఆఱక్షరములు. మొదటియక్షరము త యైనను ట యైనను కావచ్చును. దానిపై నచ్చు హ్రస్వమో దీర్ఘమో కావచ్చును. తరువాతిది ద యో డ యో కావచ్చును. చివర వయి యో వాయి యో కావచ్చును. ఊరు చూడనివానికి ఈ యాఱక్షరములు పదునాఱు విధముల చదువఁదగియున్నవి. అందొకటియే ఊరివారి పలుకు. మిగిలిన పదునైదింటిలో దేనినైనను పట్టుకొని నిరుక్తి చెప్పఁబూనుట గాలిలో మేడకట్టుట.

ఎల్లారెడ్డి పేరునకు ఆంగ్లమున యకారము ముందు వ్రాయుదురు. తెలుఁగుమాటలకు మొదట యకారము లేదని చిన్నయసూరి బాలవ్యాకరణమున విధించియుండెను. ఎకారముతో మొదలగు పదమును పలుకునప్పుడు నోట పుట్టెడు యకారచ్ఛాయను విన్నవాఁడు వినినట్లు వ్రాసికొనెను. అది పలుకుబడికి సాక్ష్యముగాని ప్రాతిపదికములోని వర్ణము గాదు.

ఈ రెండుపట్టణముల పేళ్లలో పటములవలన తెలియు మఱియొక సంగతి గలదు. 1908 నాఁటి ఇంపీరియల్ గెజెటీరునందు ఈ రెండుతాలూకాలు కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట యను రూపములతో నున్నవి. నేఁడు రెండింటను పేటశబ్దము లోపించినది. పేటశబ్దము అంగడిని, క్రొత్తగా కట్టించిన వసతిని సూచించును. దాని లోపముచే వ్యక్తినామమే ఊరిపేరుగా మిగిలినది. ఇదిగాక నేఁటి రాజన్న సిరిసిల్ల జిల్లాలో మఱియొక ఎల్లారెడ్డిపేట గలదు. ప్రాఁత పటమున ఎల్లారెడ్డిపేట యని చూచి, మంజీరతీరపు కథను సిరిసిల్ల ప్రాంతమునకు మోసికొనిపోవుట ఎంత సులభమో దీనివలన తెలియును. ఇట్టిచోట అక్షాంశ రేఖాంశములే రక్షకములు.

మహాప్రాణములవిషయమున మిక్కిలి జాగరూకత వలయును. బోధనును ఆంగ్లమున ధకారముతో వ్రాయుదురు. దానిని నమ్మి, బోధన మనఁగా ఉపదేశము గనుక ఇది విద్యాపీఠమని చెప్పువారు గలరు. కాని వేములవాడ చాళుక్యుల 966 నాఁటి పరభణి తామ్రశాసనమున ఆ పట్టణము పోదనగా నున్నది. అచ్చట మొదటియక్షరము పకారము, తరువాతిది అల్పప్రాణము. శాసనమున లేని ధకారముపైఁ గట్టిన కథ శాసనముముందు నిలువదు. భిక్కనూరుపేరిలోని భకారమును ఇట్టిదే. దీనినిఁ బట్టి భిక్షువుల యూరని చెప్పుటకుముందు, దోమకొండ సంస్థానమునకు బిక్కనవోలు సంస్థానమను పేరు గలదని, షట్చక్రవర్తిచరిత్రకర్తయైన కామినేని మల్లారెడ్డి ఆ వంశమువాఁడని గుర్తుంచుకొనవలెను. ఆ రూపమున బకారము అల్పప్రాణము, ఉత్తరపదము ప్రోలు, సమాసమున పకారము వకారమైనది. పూర్వపదము బిక్కన యను వ్యక్తినామమని తోఁచును. ఇంకొక చిక్కు: గోదావరీమండలములోని బిక్కవోలు ధ్వనిలో దీనికి సోదరునివలె నున్నది. అయినను దాని ప్రాచీనరూపము తూర్పుచాళుక్యుల బిరుదమునుండి వచ్చిన బిరుదాంకప్రోలు. నేఁటి రూపముల సామ్యము ఏకమూలత్వమునకు సాక్ష్యము గాదని ఈ జంట చూపుచున్నది.

నదిపేరును ఇంతకు భిన్నముగా లేదు. పటములు మంజ్రా యనియు, తెలుఁగువారు మంజీర యనియు అందురు. నందలాల్ డే తన ప్రాచీనభారత భౌగోళికనిఘంటువునందు పురాణములలోని వంజులానదిని ఈ నదిగా గుర్తించెను. మంజీరశబ్దమునకు అందె యను నర్థము మనోహరమే. కాని నది వంపులు అందెవలె నున్నవనుటచే పేరు వచ్చినదని నిశ్చయించుటకుముందు వంజులారూపమునకును సమాధానము చెప్పవలెను. పతంజలి గోశబ్దమునకు గావీ, గోణీ మొదలగు అపభ్రంశములను చూపి, ఒక శబ్దమునకు అపభ్రంశములు పెక్కులని తెలిపెను. పటములోని రూపము ఆ పెక్కింటిలో ఒకటి. దానిని సాధుశబ్దమనుకొనుట మొదటి తప్పు. దానిని పనికిరానిదని పాఱవేయుట రెండవ తప్పు.

పాణినీయదృష్టి

దేశనామములు ఏర్పడు విధములను పాణిని నాలుగవ యధ్యాయము రెండవపాదమున నాలుగుగా విభజించెను: అచ్చట నున్న వస్తువునుబట్టి, నిర్మించినవానినిబట్టి, నివసించువారినిబట్టి, దగ్గఱనున్నదానినిబట్టి. ఈ సరస్తీరములకు ఈ విభాగము చక్కఁగా నొప్పును. దోమకొండ కొండను, తత్సామీప్యమును తెలుపును. లింగంపేటలోని నాగన్నబావి తవ్వించినవానిపేరు మోయునట్టిది. నిజాంసాగరము కట్టించిన ప్రభువుపేరు మోయుచున్నది. కామారెడ్డి దోమకొండ నేలిన కామిరెడ్డిపేర వెలసినదని ప్రతీతి. సదాశివనగరమండలములోని పాఁతచెఱువు, 2015 మార్చి 12వ తేదీన మిషన్ కాకతీయ ఆరంభమైనచోటు, తనకుఁ దరువాత మఱియొక చెఱువు పుట్టినదని తన పేరుతోనే చెప్పుచున్నది. పటమున ఇవియన్నియు కొన్ని చుక్కలు, కొన్ని నీలిమచ్చలు మాత్రమే. అంతస్తులుగా మెట్లుగట్టిన నాగన్నబావియు, మామూలు మోటబావియు పటమున ఒకే చిన్నవలయము.

పాణిని ఇంతతో నిలువలేదు. మొదటి యధ్యాయముననే అతఁడు, ఇట్టి పేళ్లకు సంజ్ఞాత్వమే, అనఁగా లోకవ్యవహారమే, ప్రమాణమని తేల్చెను. వ్యుత్పత్తియే ప్రమాణమైనచో, ఆ వ్యుత్పత్తికి నిమిత్తమైనది పోయిననాఁడు పేరును పోవలసివచ్చునని అతని వాదము. కాని పేరు పోదు. ఆ ప్రజలు వెడలిపోయినను దేశమునకు ఆ పేరు నిలుచును. ఈ సూత్రార్థము నిజాంసాగరతీరమున ప్రత్యక్షమగుచున్నది. ఇచ్చట దానికి విపర్యయము జరిగినది: దేశమే పోయి పేరు జనముతోఁ బోయినది. నేల నీటఁ గలిసినను, లేచిపోయినవారి యింటిపేళ్లలో, క్రొత్త అను విశేషణముతో వెలసిన వాడలలో, పెండ్లిసంబంధములు మాటలాడుకొనునప్పుడు చెప్పుకొను పుట్టినూళ్లలో, గ్రామదేవతల పేళ్లలో ఆ యూళ్లపేళ్లను వెదకవలెను. పటమున నీలిరంగు పూసినంతమాత్రమున ఆ శబ్దములు లోపింపవు.

సిద్ధాంతము, కర్తవ్యము

కాఁబట్టి సరస్తీరపు స్థలచరిత్రకు ప్రమాణములు మూఁడు: స్థానమునకు పటము, ప్రాచీనరూపమునకు శాసనగ్రంథములు, జీవద్రూపమునకు జనవాక్కు. మూఁడును ఏకీభవించినచోట నిర్ణయము. రెండు ఏకీభవించినచోట సంభావన. ఒకటియే యున్నచోట సూచన. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించి రెండవ ప్రమాణమునకు మార్గము వేసిరి. మొదటి ప్రమాణము ఇప్పుడు సులభమైనది. మూఁడవదియే క్షీణించుచున్నది.

నిజాంసాగరము నిండి తొంబదియేండ్లు దాఁటినది. మునిఁగిన యూళ్లలో పుట్టి పెరిగి, వయసువచ్చి లేచిపోయినవారు నేఁడు లేరు. వారి నోట ఆ పేళ్లను వినిన కొడుకులు, కోడండ్రు ముసలివారై యున్నారు. ఇంకొక తరము గడచినచో ప్రాఁత పటములోని ఆంగ్లాక్షరములను తెలుఁగుగా చదివి చెప్పువారే యుండరు. ఇంతలో మఱియొక యపాయము పైనఁబడినది. గణకయంత్రములు చూపు నేఁటి పటములలో ఊళ్లపేళ్లు ఆంగ్లపువ్రాఁతనుండి మరల తెలుఁగులిపికి మార్పఁబడి, టకారమునకు తకారము, దీర్ఘమునకు హ్రస్వముగా కానవచ్చుట గలదు. ఆంగ్లలిపిలో నున్నంతకాలము తప్పు తప్పుగాఁ దెలియుచుండెను. తెలుఁగులిపిలోనికి వచ్చినపిదప బాలురు దానినే సాధురూపమని నేర్తురు. లేఖకదోషము పాఠమై, పాఠము ప్రమాణమగు విధ మిదియే.

దీనికి ప్రతీకారము కష్టసాధ్యము గాదు. పదునైదు నిమిషముల పత్రము ఒక్కొక్కటి సుమారు పదునేడుమైళ్ల పొడవు, పదునాఱుమైళ్ల వెడల్పుగల నేలను చూపును. తన బడి యే పత్రమునఁ బడునో తెలిసికొని, ఆ పత్రములోని ప్రతి నామమునకును నాలుగు గడులుగల పట్టికను పండితుఁడు వ్రాయించుట చాలును: పటములోని వ్రాఁత, ఊరివారి పలుకు తెలుఁగులిపిలో, దీర్ఘ ద్విత్వములతో, శాసనములందో గ్రంథములందో రూపమున్నచో అది, చెప్పినవారి వయస్సును ఊరును. నిరుక్తికి గడి యుంచరాదు. నిరుక్తి పట్టిక నిండినతరువాతి పని. మునిఁగిన యూళ్లకు 1400 అడుగుల రేఖలోపలి పేళ్లనే ముందుగా పట్టుకొని, ఎల్లారెడ్డి, నిజాంసాగరము, నాగిరెడ్డిపేట ప్రాంతములలోని వృద్ధులకు వానిని చదివి వినిపింపవలెను. తప్పుగా చదివినను చింతలేదు. ఊరిపేరు తప్పుగా వినఁబడినప్పుడు సరిదిద్దని వృద్ధుఁడు తెలుఁగునాట లేఁడు. ఆ దిద్దుబాటే కైఫీయతు.

మెకంజీనాఁడు కలిసియుండి తరువాత విడిపోయిన గీఁతయు మాటయు ఇట్లు మరల కలియును. పటము ఊరిని దాని చోట నిలుపును. ఊరివారి నోరు పటమునకు మాట నేర్పును. ఈ రెండును కలియక వ్రాసిన తీరచరిత్ర ఒడ్డునఁ గూర్చుండి నీటిరంగును వర్ణించుటవంటిది. అడుగున నున్న యూళ్లు దానికి అందవు.